మంచు మీద వాడే ట్రాన్స్‌డ్యూసర్ మంగమారిపేట బోటుకి పనికొస్తుందా?

తమ్ముడూ, తర్వాత చదివేవాళ్ల కోసం నీ ప్రశ్న ముందు రెండు ముక్కల్లో చెప్పేస్తా. మీ బావ మిన్నెసోటాలో ఉంటాడు. చలికాలంలో గడ్డకట్టిన చెరువుకి బొక్క పెట్టి, దాని పక్కనే కుర్చీ వేసుకుని గేలం వేస్తాడు. కొత్త సౌండర్ (శబ్దం పంపి నీటి లోతూ, కింద ఉన్న చేపలూ చూపించే మెషీన్) కొంటున్నాడు. దానికి నీళ్లలో ఉండి శబ్దం పంపి వినే ట్రాన్స్‌డ్యూసర్ 9 డిగ్రీలది తీసుకోవాలా, 20 డిగ్రీలదా, స్విచ్చు నొక్కితే రెండూ మారేదా అని అతని అనుమానం. పాత సెట్టు, అంటే 200 కిలోహెర్ట్జ్, 20 డిగ్రీలది, సంక్రాంతికి వస్తూ నీకు తెస్తానన్నాడు. నీది మంగమారిపేటలో 28 అడుగుల ఫైబర్ బోటు, 15 నుంచి 40 బారల లోతులో గేలం వేట. అది మన సముద్రంలో పనిచేస్తుందా, బోటు లోపల అడుగున అతికించేయొచ్చా అని నువ్వు అడిగింది.

నేను ఫిషింగ్ హార్బర్ దగ్గర పాతికేళ్లుగా సౌండర్లు విప్పుతున్నా, బిగిస్తున్నా. మంచు నేనెప్పుడూ తొక్కలేదు. కానీ అమెరికా నుంచి అల్లుళ్లూ మేనల్లుళ్లూ తెచ్చిన మంచు సెట్లు నా బల్ల మీదికి చాలానే వచ్చాయి. పనిచేస్తుంది. కానీ ఇంజను ఆపి బోటు నిలబెట్టినప్పుడే పనిచేస్తుంది. అతికించే సంగతి కింద చెప్తా, తొందరపడి ఎం-సీల్ కొనకు.

ట్రాన్స్‌డ్యూసర్ లోపల ఉండేది ఒక పింగాణీ బిళ్ల. కరెంటు తగిలితే వణుకుతుంది, వణుకు తగిలితే కరెంటు ఇస్తుంది. అరుపూ అదే, చెవీ అదే. మంచుదైనా బోటుదైనా బిళ్ల ఒకటే జాతి, తేడా అంతా దాని చుట్టూ కట్టిన ఇంట్లో ఉంది. మంచు మీద వాడేది ఒక తేలికపాటి బెండుకి వైరుతో వేలాడుతుంది. బొక్కలో నీళ్లు కదలవు, కాబట్టి అది తిన్నగా కిందికే చూస్తూ నిలబడుతుంది. నీటిని చీల్చుకుని పోయే ఆకారం దానికి అక్కర్లేదు, ఇవ్వలేదు కూడా. బోటు వెనక బిగించేదానికి చేప మూతిలా ముందు నున్నగా ఉంటుంది, నీరు గాలి బుడగల్లేకుండా జారిపోవాలని. మీ బావ తెచ్చేది కట్టుకుని ఆరేడు నాట్ల వేగం మీద పోయావంటే దాని ముఖం మీద బుడగలు తిరిగి తెర మొత్తం ముగ్గుపిండి చల్లినట్టు అవుతుంది. సెట్టు పాడైందని నా దగ్గరికి తెచ్చేవాళ్లలో సగం మంది ఇదే చేసుంటారు.

ఇప్పుడు డిగ్రీల లెక్క. శబ్దం బోర్లించిన గరాటులా కిందికి దిగుతుంది, ఆ గరాటు వెడల్పే ఈ డిగ్రీలు. మీ బావ చెరువులో 8 మీటర్ల లోతు అనుకో. 20 డిగ్రీల బిళ్ల నేల మీద దాదాపు 2 మీటర్ల 80 సెంటీమీటర్ల వెడల్పు చూస్తుంది, 9 డిగ్రీలది మీటరుంపావు చూస్తుంది. అదే నీ 40 బారల దగ్గర, అంటే 73 మీటర్లలో, 20 డిగ్రీలది 25 మీటర్ల పైన, 9 డిగ్రీలది పదకొండున్నర మీటర్లు.

ఎక్కువ వెడల్పు చూస్తే మంచిదే కదా అనిపిస్తుంది. అక్కడే తిరకాసు. మెషీన్‌కి తెలిసింది దూరం ఒక్కటే, పక్క తెలీదు. నడిమధ్యన నేల 73 మీటర్ల దగ్గర తగిలి ఎకో, అంటే తిరిగొచ్చే శబ్దం, వచ్చేస్తుంది. గరాటు అంచున నేలని కరుచుకుని ఉన్న చేప దగ్గరికి ఏటవాలు దూరం 73 కంటే ఎక్కువ. అంటే ఆ చేప ఎకో నేల ఎకో తర్వాత వస్తుంది, నేల రంగులో కలిసిపోతుంది. లెక్క కడితే 20 డిగ్రీల బిళ్లకి 73 మీటర్లలో అంచున నేల మీద మీటరు పది సెంటీమీటర్ల పట్టీ కనిపించకుండా పోతుంది. 9 డిగ్రీలదానికి 22 సెంటీమీటర్లే. అదే మీ బావ 8 మీటర్ల చెరువులో 20 డిగ్రీలకీ పోయేది 12 సెంటీమీటర్లు, జానెడు కూడా కాదు. ఇది చదును నేల లెక్క. రాయి ఉంటే ఇంకా ఘోరం, రాయి నెత్తి ముందు తగిలి పక్కన నిలబడ్డ చేపల్ని మొత్తం మింగేస్తుంది.

కాబట్టి మీ బావకి నా సలహా: డబ్బులుంటే రెండూ మారేదే తీసుకోమను. ఒకటే కొనాలంటే, 10 మీటర్ల లోపు చదును నేల చెరువులకి 20 డిగ్రీలది. లోతైన చెరువులు, గట్టు దిగుడు ఉన్నచోట, పక్కపక్కనే పది మంది బొక్కలు పెట్టుకుని కూర్చునే చోట 9 లేదా 12. జనం ఎక్కువైతే ఒకరి అరుపు ఇంకొకరి చెవిలో పడుతుంది, ఫ్లాషర్ (ఎకోల్ని గుండ్రటి చక్రం మీద వెలిగే గీతలుగా చూపించే సెట్టు) చక్రం మీద గీతలు గిర్రున తిరుగుతాయి. దానికి ఇంటర్‌ఫియరెన్స్ తగ్గించే బటన్ ఉంటుంది గానీ, సన్న గరాటు ఉంటే సగం గొడవ అక్కడే పోతుంది. వాళ్ల నంబరు ప్లేటు మీదే పదివేల చెరువులని రాసుకుంటారు, జనమంతా మంచి చేపలున్న ఒకటే చెరువు మీద పడితే ఎవరేం చేస్తారు.

అట్ట మీద రాసిన డిగ్రీల్ని గుడ్డిగా పోల్చొద్దు. కొందరు శబ్దం బలం సగానికి పడిపోయే చోట గరాటు అంచు గీస్తారు, కొందరు పదో వంతుకి పడిపోయే చోట గీస్తారు. ఒకటే బిళ్ల ఒక అట్ట మీద 12 డిగ్రీలు, ఇంకో అట్ట మీద 20 అని కనబడొచ్చు. స్పెసిఫికేషన్‌లో మైనస్ 3 డెసిబెల్సా (అంటే సగం), మైనస్ 10 డెసిబెల్సా (అంటే పదో వంతు) అన్నది చూడమను. వాట్ల దగ్గరా ఇదే మాయ. పీక్-టు-పీక్ 4000 వాట్లు అని పెద్ద అక్షరాల్లో వేస్తారు. దాన్ని ఎనిమిదితో భాగిస్తే వచ్చే 500 వాట్లే ఆర్ఎంఎస్, అంటే అసలు సగటు బలం, పోల్చాల్సింది దాన్నే.

సరే, ఇక నీ సంగతి.

మంచు మీద లేనిదీ మనకి ఉన్నదీ ఒకటుంది: ఊపు. మంగమారిపేట ముందు ఇంజను ఆపి నిలబడితే బోటు ఎలా ఊగుతుందో నీకు నేను చెప్పాలా. బోటు 10 డిగ్రీలు పక్కకి వాలితే 73 మీటర్ల కింద గరాటు నడిమధ్య 13 మీటర్లు పక్కకి పోతుంది. 9 డిగ్రీల గరాటు సగం వెడల్పు ఆరు మీటర్లు కూడా లేదు. అంటే ప్రతి ఊపుకీ నీ గేలం ఉన్న చోటే దాని చూపులోంచి జారిపోతుంది. 20 డిగ్రీలదైతే గేలం గరాటు అంచుకి కాస్త దగ్గరలోనే ఉంటుంది, ఆ క్షణం మసకబారినా మళ్లీ వెంటనే దొరుకుతుంది. కాబట్టి ఊగే బోటుకి వెడల్పు బిళ్లే ఓర్పు ఎక్కువ. మీ బావ నీకు తెస్తానన్నది అదే కావడం నీ అదృష్టం.

కానీ పైన చెప్పిన మీటరు పట్టీ మర్చిపోకు. 15 నుంచి 25 బారల వరకు ఈ సెట్టు నీకు హాయిగా సరిపోతుంది. 30 బారలు దాటాక రాయి ఎక్కడుందో చూపిస్తుంది, నేలకి నిలువెత్తు పైన తిరిగే గుంపుని చూపిస్తుంది. నేలని అంటిపెట్టుకుని తిరిగే గులివిందల్లాంటివాటిని మాత్రం దాన్నుంచి ఆశించకు. ఆ లోతులో రోజూ వేట చేసేవాడివైతే కొన్నాళ్లకి 50, 200 కిలోహెర్ట్జ్ రెండూ ఉన్న మామూలు బోటు ట్రాన్స్‌డ్యూసరే కొనుక్కుంటావు, అప్పుడు నా దగ్గరికి రా.

నీళ్ల తేడా కూడా ఉంది. ఉప్పునీరు శబ్దాన్ని తినేస్తుంది. నీటిలో కరిగిన మెగ్నీషియం సల్ఫేటే ఈ ఫ్రీక్వెన్సీల దగ్గర ముఖ్య దోషి. 200 కిలోహెర్ట్జ్ మంచినీటిలో కంటే సముద్రంలో కొన్ని రెట్లు త్వరగా అరిగిపోతుంది, అయినా 40 బారలకి తట్టుకుంటుంది. మీ బావ కొత్త సెట్టులో 455, 800 కిలోహెర్ట్జ్ లాంటివి ఉంటాయి, బొమ్మ అద్దంలా వస్తుందని వీడియోలు పంపుతాడు చూడు. ఆ బొమ్మ చెరువుది. మన లోతులో 455 మీద నమ్మకం పెట్టుకోవద్దు, 800 సంగతి అసలే వద్దు. ఆదివారం సరదాగా తాటిపూడి రిజర్వాయరుకి పట్టుకెళ్తే మాత్రం అక్కడ మహారాజే.

ఇంకొకటి, లోతు తప్పు చూపిస్తుంది. మెషీన్ కొలిచేది టైము మాత్రమే, దాన్ని శబ్దం వేగంతో గుణించి లోతు వేస్తుంది. గడ్డకట్టిన చెరువు కింద నీటిలో శబ్దం సెకనుకి 1400 మీటర్ల చిల్లర పోతుంది, మన వెచ్చటి సముద్రంలో 1540 దగ్గర. లోపల వేగం 1460 మీటర్ల దగ్గర పెట్టిన మంచినీటి సెట్టింగుంటే 40 బారల నీళ్లని 38 అంటుంది. మెనూలో 'సాల్ట్ వాటర్' ఉంటే పెట్టుకో, లేకపోతే ఆ రెండు బారలు మనసులో కలుపుకో. హార్బర్లో ఒకాయన సీసం గుండు వేసి తాడు కొలిచి, మెషీన్ అబద్ధమాడుతోందని నాతో తగువేసుకున్నాడు. తాడే నిజం. ఆయన మెషీన్ అప్పటికి అడుగుల్లో ఉంది, ఆయన మీటర్లనుకుంటున్నాడు, అది వేరే కథ. నువ్వు మాత్రం మొదటిరోజే తాడుతో ఒకసారి సరిచూసుకో, ఫాదమ్స్ ఆప్షన్ ఉంటే అది పెట్టుకో. ఒక ఫాదమ్ అంటే మన బారే, ఆరడుగులు.

చేపల దగ్గరికి వద్దాం, ఎందుకంటే రేపు నువ్వు 'కోనెం పడింది గానీ తెర మీద ఏమీ కనబడలేదన్నా' అని తప్పకుండా రాస్తావు. చేప ఒంట్లో శబ్దాన్ని తిప్పికొట్టేది ఎక్కువగా మాంసం కాదు, కడుపులోని గాలితిత్తి. మీ బావ పట్టే వాలై, పెర్చ్ చేపలకి ఆ తిత్తి ఉంది, అందుకే అక్కడ గీతలు ఎర్రగా మండుతాయి. మన గొరకలకీ ఉంది, కచిడికైతే ఆ తిత్తికోసమే లక్షలు పోస్తారు. కోనెం జాతికి మాత్రం ఆ తిత్తి లేదు. మీటరు పొడుగు కోనెం కూడా ఫ్లాషర్ మీద సన్నగా, బలం లేని ఎకోలా ఆకుపచ్చగా ఒక గీత వేసి పోతుంది, అంతే. అందుకని కోనెం కోసం వెతికేటప్పుడు తెర మీద కోనేన్ని వెతక్కు. పైనీళ్లలో ముద్దగా కనిపించే కవళ్ల గుంపుని వెతుకు, ఆ గుంపు ఒక పక్కన చీలి కిందికి దిగినట్టు కనిపిస్తే అక్కడ వెయ్యి.

గెయిన్, అంటే వచ్చిన ఎకోని ఎంత పెంచి చూపించాలన్న సెట్టింగు, ఎంత పెట్టాలి అంటావు. మంచు మీద వాళ్లు చేసే పద్ధతే బాగుంది, దాన్నే ఎత్తుకో. గేలం దింపి, దాని గుండు తెర మీద ఆకుపచ్చగా కనీకనబడనట్టు వచ్చేదాకా గెయిన్ పెంచు, అక్కడ ఆపు. నీ గుండు కనిపిస్తోందంటే గుండంత చేప కూడా కనిపిస్తుంది. ఫుల్లుగా పెంచేవాళ్లకి నాచు, బుడగలు, పక్కోడి ఇంజను మోత అన్నీ చేపలే. మొదట్లో బొమ్మ చూసి కంగారుపడకు: కదిలే బోటు మీద చేప విల్లులా వస్తుందని విని ఉంటావు, నిలబడి చూస్తే విల్లు రాదు. కిందే ఆగిన చేప సాగదీసిన గీతలా ఉంటుంది. ఫ్లాషర్ అయితే అదీ లేదు, ఈ క్షణం ఉన్నది ఈ క్షణమే వెలుగుతుంది, కన్ను తిప్పితే పోయింది.

అతికించే మాట. శబ్దం గట్టి ఫైబర్ లోంచి పోతుంది, గాలి లోంచి పోదు. ఆవగింజంత గాలి పొర అడ్డొచ్చినా అక్కడే వెనక్కి కొడుతుంది. మన వైపు ఫైబర్ తెప్పల్లో చాలావాటికి లోపల ఫోమ్ నింపి ఉంటుంది, మునగకుండా. ఫోమ్ అంటే గాలే. నేను పనిలో చేరిన కొత్తలో ఒక తెప్పకి ఇలాగే లోపల నుంచి అతికించాను. రెండు రోజులు ఆరనిచ్చి, పూజ చేసి నీళ్లలోకి దింపితే తెర మీద ఒక్క చుక్క లేదు. సెట్టు మార్చాం, వైరు మార్చాం, బ్యాటరీ మార్చాం. మూడోరోజు ఆ తెప్ప కట్టినాయన వచ్చి, 'కింద మొత్తం థర్మోకోలే కదా బాబూ' అన్నాడు. ట్రాన్స్‌డ్యూసర్ని ఉలితో తీస్తే ముఖం గీరుకుపోయింది. ఆ డబ్బులు నా జీతంలోంచే పోయాయి.

అందుకని అతికించే ముందు ఈ పరీక్ష చెయ్యి. బోటు నీళ్లలో ఉండగా ట్రాన్స్‌డ్యూసర్ని పక్కనుంచి నీళ్లలోకి దింపి లోతు చూసుకో. తర్వాత ఒక పలచటి పాలిథిన్ కవరులో నీళ్లు పోసి, ట్రాన్స్‌డ్యూసర్ అందులో ముంచి, గాలి బుడగ లేకుండా మూతి కట్టి, బోటు లోపల అడుగు తడిపి దాని మీద పెట్టు. రెండుచోట్లా లోతు ఒకటే వస్తే అక్కడ గట్టి ఫైబర్ ఉన్నట్టు. లోపల పెట్టినప్పుడు ఏమీ రాకపోతే మధ్యలో ఫోమో చెక్కో ఉన్నట్టు. వచ్చినా నీకు అతికించమని చెప్పను. నిలువుగా వేలాడే బిళ్ల అది, బోటు అడుగు ఏటవాలుగా ఉంటుంది, అతికించావంటే గరాటు ఎప్పటికీ పక్కచూపే. కొంచెం శబ్దం ఫైబరూ తింటుంది. చౌకగా వచ్చిన వస్తువుని శాశ్వతంగా అతికించి పాడుచేసుకోవడం నాకు నచ్చదు.

నేను చేసే ఏర్పాటు చూడు. అంగుళం పీవీసీ పైపు, నాలుగడుగులు. కింది చివర ట్రాన్స్‌డ్యూసర్ వైరు పైపులోంచి పైకి లాగి, బిళ్ల ముఖం కిందికి తిన్నగా ఉండేలా క్లిప్పుతో బిగించు. బోటు పక్కన, నువ్వు కూర్చునే వైపు, రెండు చోట్ల తాడు కట్టేలా కొక్కేలు పెట్టు. బోటు ఆపాక పైపు దింపి ముఖం అడుగు, అడుగున్నర నీళ్లలో ఉండేలా కట్టు. కదిలేముందు పైకి తీసెయ్యి. బెండుకి వేలాడదీస్తే కూడా మంచు మీదలా తిన్నగా ఉంటుంది అనుకుంటావు, మన నీటి లాగుడుకి వైరు పక్కకి కొట్టుకుపోతుంది. అరకిలో సీసం కట్టి చూశాను, నీరు నిదానంగా ఉన్న పొద్దున పూట సరే, మధ్యాహ్నానికి లాభం లేదు. పైపు తిన్నగా ఉందా లేదా చూడ్డానికి పైన చిన్న నీటిమట్టం బిళ్ల అతికించుకో, మేస్త్రీల దగ్గర దొరికేదే.

వేట అయ్యాక బిళ్ల ముఖం మంచినీళ్లతో కడుగు, చేతి వేలితో జిడ్డు తుడువు. నూనె జిడ్డు కూడా గాలిలాగే అడ్డు. ఎండలో బల్ల మీద వదిలెయ్యకు. సెట్టుని మాత్రం తడవనివ్వకు. ఐపీఎక్స్7 అని రాసి ఉంటే మీటరు లోతులో అరగంట తట్టుకున్నట్టు, అది కూడా పరీక్షలో మంచినీళ్లలో. ఆ గుర్తు లేకపోతే దానికి ఒక మూత డబ్బా చేసుకో.

బ్యాటరీ మోసుకురావొద్దని బావకి చెప్పు. ఈ సెట్లు 12 వోల్టుల మీద నడుస్తాయి, మన ఊళ్లో యూపీఎస్‌లకి వేసే 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ సరిపోతుంది. బోటు సెల్ఫ్ బ్యాటరీకి మాత్రం కలపకు, ఇంజను తిరిగేటప్పుడు దాని గోల అంతా తెర మీదికి వస్తుంది. ఫ్యూజు తప్పనిసరి, సెట్టు వెనక ఎంత రాసుంటే అంతే వెయ్యి.

వైరు కత్తిరించొద్దు, ఇది ఇద్దరికీ చెప్తున్నా. మీ బావ పాత ట్రాన్స్‌డ్యూసర్ని కొత్త సెట్టుకి పెట్టుకుని, నీకు సెట్టు ఒక్కటే పంపించేద్దామని కూడా అనుకోవచ్చు. ఒక కంపెనీ బిళ్ల ఇంకో కంపెనీ సెట్టుకి పిన్నులు కలిసినంత మాత్రాన కుదరదు, ఫ్రీక్వెన్సీ, వాట్లు, బిళ్ల గుణం అన్నీ కలవాలి. కలవకపోతే ఏమీ చూపించకపోవడం మంచి ఫలితం, బిళ్ల కాలిపోవడం చెడ్డ ఫలితం. ఇన్సులేషన్ టేపుతో అతికించిన ట్రాన్స్‌డ్యూసర్ వైరులోకి ఉప్పునీరు ఎక్కడానికి ఒక వర్షాకాలం చాలు.

మీ నాన్న తొట్లకొండనీ భీమిలి లైట్‌హౌస్‌నీ కలిపి రాళ్ల జాడ పట్టేవాడని రాశావు కదా, ఆ గుర్తులు ముందు ఒక పుస్తకంలో రాసుకో. ఈ సెట్టు కింద ఏముందో చెప్తుంది, ఎక్కడ ఆగాలో చెప్పదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఎలాగూ ఇంజను బోట్లకి వేట నిషేధం, పైపూ కొక్కేలూ అప్పుడు తీరిగ్గా చేసుకోవచ్చనుకోకు. బావ జనవరిలో వస్తే ఫిబ్రవరి, మార్చి నీళ్లు ప్రశాంతంగా ఉంటాయి, నేర్చుకోడానికి అదే మంచి సమయం.

బావని సెట్టు వెనక కనెక్టర్ ఫొటో ఒకటి, ట్రాన్స్‌డ్యూసర్ వైరు మీద ఉన్న చీటీ ఫొటో ఒకటి తీసి పంపమను. ఇక్కడ పెట్టు, పిన్నులు లెక్కపెట్టి ఏ క్లిప్పు కొనాలో చెప్తా.